హోటల్ పాయింట్లు, క్యాసినో కార్డులు: ప్రయాణికుడికి దక్కేదేమిటి?

హోటల్ లాయల్టీ ప్రోగ్రామ్ అంటే ఒక సంస్థ పేరుమీద నడిచే హోటళ్లలో బస చేసిన అతిథి ఖాతాలో, అతను పెట్టిన ఖర్చును బట్టి పాయింట్లు జమచేసి, వాటికి బదులుగా తర్వాతి ప్రయాణాల్లో ఉచిత గది, పెద్ద గది, అల్పాహారం వంటివి ఇచ్చే పద్ధతి. క్యాసినో రివార్డ్ కార్డు పైకి అలాగే కనిపిస్తుంది. కాకపోతే అది ముఖ్యంగా లెక్కపెట్టేది ఆటలో పెట్టిన పందేన్ని. పదిహేనేళ్లుగా అమెరికాలో ఈ రెండు వ్యవస్థలూ ఒకదానితో ఒకటి ఒప్పందాలు చేసుకుంటున్నాయి. విండమ్ హోటళ్లు సీజర్స్ క్యాసినోలతో, మారియట్ ఎంజీఎం క్యాసినోలతో కలిశాయి. ఫలితంగా ఆఫీసు పనిమీద చిన్న ఊళ్లలో పడుకున్న రాత్రులు లాస్ వేగస్‌లో సౌకర్యాలుగా మారుతున్నాయి. ఈ కలయికలో ప్రయాణికుడికి నిజమైన లాభమే ఉంది. ఆ లాభం గదిలో బస చేసి సంపాదించేవారికి ఒకలా, పేకబల్ల దగ్గర కూర్చుని సంపాదించేవారికి మరోలా ఉంటుంది.

విమానం నుంచి హోటల్‌కు

ఈ ఆలోచన విమానయానంలో ఊపందుకుంది. 1981 మే 1న అమెరికన్ ఎయిర్‌లైన్స్ ‘ఎఅడ్వాంటేజ్’ పేరుతో మైళ్ల పథకం మొదలుపెట్టగానే పోటీ సంస్థలు వెంటపడి తమ పథకాలు తెచ్చాయి. రెండేళ్లకే అది హోటళ్లకు పాకింది. 1983లో హాలిడే ఇన్ ‘ప్రయారిటీ క్లబ్’ పెట్టింది, అదే సంవత్సరం మారియట్ కూడా రంగంలోకి దిగింది. 1987లో హిల్టన్, హయత్ వచ్చాయి.

అప్పటి పథకాల్లో పెద్ద చిక్కు సెలవు రోజులు. క్రిస్మస్‌కో వేసవిలోనో పాయింట్లు చెల్లవనేవారు. 1999లో స్టార్‌వుడ్ సంస్థ అటువంటి నిషేధ తేదీలు లేవని ప్రకటించి తన పథకాన్ని ప్రారంభించడంతో తరచూ తిరిగేవాళ్లు దాన్ని అక్కున చేర్చుకున్నారు. 2016లో మారియట్ సుమారు 1,300 కోట్ల డాలర్లకు స్టార్‌వుడ్‌ను కొన్నది. రెండు పథకాలూ కలిసి 2019లో ‘మారియట్ బాన్‌వాయ్’ అయ్యాయి. నేడు బాన్‌వాయ్‌లోనూ, హిల్టన్ ఆనర్స్‌లోనూ విడివిడిగా 20 కోట్లకు పైగా సభ్యులున్నారు.

ఉచిత గదికి డబ్బు ఎవరిస్తారన్నది చాలామందికి వచ్చే సందేహం. పెద్ద పేర్లతో నడిచే హోటళ్లలో ఎక్కువ భాగం ఆ సంస్థల సొంతం కావు. యజమాని వేరు, పేరు అద్దెకిచ్చిన సంస్థ వేరు. అతిథి బస చేసినప్పుడల్లా హోటల్ యజమాని తన రాబడిలో కొంత లాయల్టీ నిధికి కడతాడు. క్రెడిట్ కార్డు ఖాతాదారులకు ఇవ్వడానికి పాయింట్లను టోకున కొనే బ్యాంకులు కూడా ఆ నిధిని నింపుతాయి. పాయింట్లతో అతిథి దిగినప్పుడు ఆ నిధి నుంచి యజమానికి సొమ్ము వెళ్తుంది. హోటల్ దాదాపు నిండిన రోజైతే మామూలు అద్దెకు దగ్గరగా, ఖాళీగా ఉన్న రోజైతే గది ఖర్చుకు కాస్త పైగా ముడుతుంది. ఖాళీ రోజుల్లో పాయింట్ల గదులు తేలిగ్గా దొరకడానికి కారణం ఇదే.

క్యాసినో లెక్క వేరు

క్యాసినోలు అతిథి మర్యాదలు కొత్తగా నేర్చుకోలేదు. పెద్ద మొత్తాలతో ఆడేవాళ్లకు గది, భోజనం, షో టికెట్లు ఉచితంగా ఇవ్వడం అక్కడ పాత ఆచారం. దీన్ని వాళ్లు ‘కాంప్’ అంటారు. ఒకప్పుడు ఎవరికి ఎంత ఇవ్వాలో ఫ్లోర్ మేనేజర్ కంటిచూపు మీద నిర్ణయమయ్యేది. ఆ నిర్ణయాన్ని కంప్యూటర్‌కు అప్పగించిన సంస్థ హారాస్. 1997లో అది తన క్యాసినోలన్నిటిలో పనిచేసే ‘టోటల్ గోల్డ్’ కార్డు తెచ్చింది. మరుసటి ఏడాది హార్వర్డ్ బిజినెస్ స్కూల్ అధ్యాపకుడు గ్యారీ లవ్‌మన్ ఆ సంస్థ ముఖ్య నిర్వహణాధికారి (సీఓఓ)గా చేరి, కార్డు పోగుచేసిన సమాచారాన్ని తవ్వడం మొదలుపెట్టాడు.

ఆ తవ్వకంలో తేలిన విషయాలను ఆయన 2003లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాశాడు. ఆటగాళ్లలో 26 శాతం మంది నుంచే ఆదాయంలో 82 శాతం వస్తోంది. వాళ్లు సినిమాల్లో కనిపించే కోటీశ్వరులు కారు. మధ్యవయసులో ఉన్న, అది దాటిన మామూలు మనుషులు; ఒకప్పటి ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు, వైద్యులు, యంత్ర కార్మికులు. మిసిసిపి రాష్ట్రంలోని జాక్సన్ ప్రాంతపు ఆటగాళ్లను రెండు గుంపులు చేసి జరిపిన పరీక్ష మరీ ఆసక్తికరమైనది. ఒక గుంపుకు ఉచిత గది, రెండు భోజనాలు, 30 డాలర్ల చిప్స్ (పందెం బిళ్లలు) కలిపి 125 డాలర్ల విలువైన ప్యాకేజీ ఇచ్చారు. రెండో గుంపుకు కేవలం 60 డాలర్ల చిప్స్. ఎక్కువగా ఆడింది రెండో గుంపే. అంటే సగం ఖర్చుతో సంస్థకు ఎక్కువ ఆదాయం.

ఈ కార్డు వెనక ఉన్న సూత్రం సరళమైనది. సగటు పందెం, గంటకు ఎన్ని ఆటలు, ఎన్ని గంటలు, ఆ ఆటలో క్యాసినో వాటా ఎంత శాతం అనే నాలుగింటిని గుణిస్తే ఆటగాడు పోగొట్టుకోవలసిన సగటు మొత్తం వస్తుంది. రెండు సున్నాలున్న అమెరికా రూలెట్‌లో క్యాసినో వాటా 5.26 శాతం. 25 డాలర్ల చొప్పున గంటకు 40 సార్లు, 4 గంటలు ఆడితే మొత్తం పందెం 4,000 డాలర్లు. అందులో క్యాసినో ఆశించే రాబడి సుమారు 210 డాలర్లు. ఆ రోజు ఆటగాడు గెలిచినా ఓడినా కాంప్‌ను కొలిచేది ఈ 210తోనే. తిరిగి ఇచ్చేది అందులో కొంత భాగం మాత్రమే.

ఆ సమాచారపు విలువ ఎంతంటే, హారాస్ వారసురాలైన సీజర్స్ సంస్థ ముఖ్య విభాగం 2015 జనవరిలో దివాలా రక్షణ కోరినప్పుడు, అప్పులిచ్చినవాళ్లు పట్టుబట్టి చూసిన ఆస్తుల్లో ఈ లాయల్టీ పథకం ఒకటి. దాని విలువను దాదాపు 100 కోట్ల డాలర్లుగా లెక్కగట్టారు. 2019లో ఆ పథకం ‘సీజర్స్ రివార్డ్స్’గా పేరు మార్చుకుంది.

రెండూ ఎక్కడ కలిశాయి

1990ల చివరికి లాస్ వేగస్ స్ట్రిప్ స్వరూపం మారింది. 1989లో మిరాజ్, 1998లో బెలాజియో వంటి భారీ రిసార్టులు వచ్చాక గదులు, భోజనం, ప్రదర్శనల నుంచి వచ్చే ఆదాయం జూదం ఆదాయాన్ని మించిపోయింది. నగరంలో లక్షన్నర దాకా గదులున్నాయి. వాటిని సోమవారం నుంచి గురువారం దాకా నింపడం క్యాసినోల తలనొప్పి. అటు హోటల్ సంస్థల సమస్య ఇంకోటి. సభ్యులు పాయింట్లు కూడబెట్టి అడిగే ఊళ్లలో వేగస్ ముందువరసలో ఉంటుంది, అక్కడేమో వాళ్ల హోటళ్లు తక్కువ. ఇద్దరి అవసరమూ ఒకచోట కుదిరింది.

తొలి పెద్ద ఒప్పందాల్లో ఒకటి 2010లో వెనీషియన్, పలాజో రిసార్టులు ఇంటర్‌కాంటినెంటల్ సంస్థతో చేసుకున్నది. 2013లో హయత్, ఎంజీఎం చేతులు కలిపాయి. 2017లో విండమ్, సీజర్స్ ఎక్కువ బసకో ఆటకో సభ్యుడికి దక్కే స్థాయిని (హోదాను) ఒకరిది మరొకరు గుర్తించేలా, పాయింట్లను పరస్పరం మార్చుకునేలా ఒప్పందం కుదుర్చుకున్నాయి. విండమ్‌కు ఇది బాగా నప్పింది. సూపర్ 8, డేస్ ఇన్ వంటి రహదారి పక్క హోటళ్ల సంస్థ అది. అక్కడి అతిథికి సీజర్స్ ప్యాలెస్‌లో మర్యాద దొరకడం చిన్న విషయం కాదు.

అన్నిటికన్నా పెద్దది 2023 జులైలో ప్రకటించిన ఎంజీఎం–మారియట్ ఒప్పందం. 20 ఏళ్ల కాలానికి కుదిరిన దీనివల్ల బెలాజియో, ఆరియా, ఎంజీఎం గ్రాండ్, మాండలే బే సహా 17 రిసార్టులు, 40,000కు పైగా గదులు బాన్‌వాయ్ సభ్యులకు అందుబాటులోకి వచ్చాయి. బుకింగులు 2024 ఆరంభంలో మొదలయ్యాయి.

ఒప్పందంతో పనిలేకుండా క్యాసినో ప్రాంగణంలోనే హోటల్ పేరు పెట్టడం మరో పద్ధతి. 2021 జూన్‌లో మలేసియాకు చెందిన గెంటింగ్ సంస్థ తెరిచిన రిసార్ట్స్ వరల్డ్ లాస్ వేగస్‌లో దాదాపు 3,500 గదులు హిల్టన్ సంస్థ మూడు పేర్లతో నడుస్తాయి. జూదానికి ప్రపంచ కేంద్రంగా మారిన మకావ్‌లో ఈ పద్ధతి ఇంకా పాతది. గెలాక్సీ మకావ్ ప్రాంగణంలో 2015 నుంచి రిట్జ్ కార్ల్‌టన్, జేడబ్ల్యూ మారియట్ ఉన్నాయి. కోటాయ్ వీధిలోని సాండ్స్ సముదాయంలో కాన్రాడ్ ఉంది. అక్కడ దిగినవాళ్లు చిప్ ముట్టకపోయినా పాయింట్లు సంపాదిస్తారు.

ప్రయాణికుడికి చేతికందే లాభాలు

మొదటిది, ఇంటి దగ్గర సంపాదించి దూరాన ఖర్చుపెట్టే వీలు. హైదరాబాద్ మైండ్‌స్పేస్‌లోని వెస్టిన్ బాన్‌వాయ్ కిందికే వస్తుంది. అక్కడ ఆఫీసు పనిమీద బస చేసిన బెంగళూరు ఉద్యోగి పాయింట్లు, కొడుకు దగ్గరికి అమెరికా వెళ్లి గ్రాండ్ కేన్యన్, వేగస్ చుట్టివచ్చే తల్లిదండ్రుల గదికి పనికొస్తాయి. హోటల్ బసలు తక్కువైనవాళ్లకు కార్డులున్నాయి. 2023 ఆగస్టులో హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు మారియట్ బాన్‌వాయ్ క్రెడిట్ కార్డు తెచ్చింది. ఒక హోటల్ సంస్థతో కలిసి భారత్‌లో వచ్చిన తొలి కార్డు అదే.

రెండోది రిసార్ట్ ఫీజు. వేగస్‌లో గది అద్దెకు తోడు రాత్రికి 40, 50 డాలర్ల దాకా ఈ పేరుతో వసూలు చేయడం మామూలు. రాత్రికి 45 డాలర్లనుకుంటే నాలుగు రాత్రులకు 180 డాలర్లు, దానిపై పన్ను అదనం. హయత్, హిల్టన్ సంస్థలు పూర్తిగా పాయింట్లతో తీసుకున్న బసకు ఈ ఫీజు వేయవు. మారియట్‌లో ఆ సౌకర్యం లేదు. పాయింట్లతో గది దొరికినా ఫీజు కట్టాల్సిందే. సీజర్స్‌లో డైమండ్ స్థాయికి చేరినవారికి ఫీజు మాఫీ. 2025 మే 12 నుంచి అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన ప్రకారం హోటళ్లు ఈ ఫీజును మొదటే కలిపి మొత్తం ధర చూపించాలి. అందువల్ల పోల్చిచూసుకోవడం ఇప్పుడు సులువైంది.

మూడోది పార్కింగ్, వరుసలు. 2016లో ఎంజీఎం స్ట్రిప్‌లో పార్కింగ్‌కు డబ్బు వసూలు చేయడం మొదలుపెట్టింది, మిగతావి అదే బాట పట్టాయి. కాస్త పై స్థాయి ఉన్నవారికి ఇది ఉచితం. శుక్రవారం సాయంత్రం వందలమంది నిలబడే చెకిన్ వరుసలో ప్రత్యేక కౌంటర్ దొరకడం పిల్లాపాపలతో, వయసుమళ్లినవారితో వెళ్లినవాళ్లకు పెద్ద ఊరట.

నాలుగోది, జూదంతో నిమిత్తంలేని గదులు. ఎంజీఎం సముదాయంలోనే ఉన్న వీడారా హోటల్లో క్యాసినో లేదు, పొగతాగడం నిషేధం. స్లాట్ యంత్రాల మధ్య నుంచి పిల్లల్ని నడిపించుకుంటూ లిఫ్టు దాకా వెళ్లనక్కర్లేదు. నెవాడాలో 21 ఏళ్లలోపువారు ఆడే స్థలంలో ఆగకూడదు కాబట్టి కుటుంబాలకు ఇది బాగా ఉపయోగపడుతుంది.

పాయింట్లు ఎప్పుడు వాడాలన్నది సులువుగా తేల్చుకోవచ్చు. పన్నులు కలిపిన గది ధరను అడిగిన పాయింట్లతో భాగిస్తే ఒక్కో పాయింటు విలువ వస్తుంది. మంగళవారం 150 డాలర్ల గదికి 30,000 పాయింట్లు అడిగితే పాయింటుకు అర సెంటు. అదే గదికి ఏదైనా పెద్ద ప్రదర్శన వారంలో 400 డాలర్లై, పాయింట్లు 50,000 అయితే 0.8 సెంటు. జనవరిలో సీఈఎస్ ఎలక్ట్రానిక్స్ ప్రదర్శన, నవంబరులో ఫార్ములా వన్ పందేల రోజుల్లో వేగస్ ధరలు ఆకాశాన్నంటుతాయి. పాయింట్లకు మంచి ధర పలికేది అప్పుడే. బాన్‌వాయ్‌లో పాయింట్లతో ఐదు రాత్రులు తీసుకుంటే నాలుగింటికే లెక్క.

ఆడి సంపాదిస్తే

సీజర్స్‌లో డైమండ్ స్థాయికి ఏడాదిలో 15,000 టియర్ క్రెడిట్లు (స్థాయిని తేల్చే మార్కులు) కావాలి. స్లాట్ యంత్రంలో 5 డాలర్ల పందేనికి ఒక క్రెడిట్. కాబట్టి ఆ స్థాయికి చేరడానికి యంత్రంలో తిప్పాల్సిన మొత్తం 75,000 డాలర్లు. అదంతా జేబులోంచి ఒకేసారి పెట్టేది కాదు. గెలిచిన డబ్బే మళ్లీ మళ్లీ పందెంగా వెళ్తుంది. అయినా యంత్రం నూటికి 8 ఉంచుకుంటుందనుకుంటే ఆ ప్రయాణంలో సగటున పోయేది 6,000 డాలర్లు. ఫీజు మాఫీ, ఉచిత పార్కింగ్, ముందువరుస అన్నీ కలిపినా ఒక కుటుంబం ఏడాదిలో ఒకటి రెండు సార్లు వెళ్లే ప్రయాణంలో ఆ మొత్తం తిరిగి రాదు.

అదే డైమండ్ పేరున్న స్థాయి విండమ్‌లో 40 రాత్రుల బసకు వస్తుంది. వారంలో నాలుగు రోజులు క్లయింట్ ఊళ్లో లాక్వింటాలోనో డేస్ ఇన్‌లోనో దిగే ఐటీ కన్సల్టెంటుకు అది మూడు నెలల్లో తేలే సంగతి. అమెరికాలోని తెలుగువాళ్లలో ఇలాంటి ఉద్యోగాలు చేసేవారు ఎందరో. వాళ్లు కంపెనీ ఖర్చుతో పడుకున్న రాత్రులకు దక్కిన స్థాయిని భాగస్వామ్య నియమాలు అనుమతించినంతవరకూ క్యాసినో వైపు వాడుకోవచ్చు. క్యాసినోలో కూడా గది, భోజనం మీద పెట్టిన ఖర్చుకు క్రెడిట్లు వస్తాయి కాబట్టి కార్డు తీసుకుని, దాన్ని రిసెప్షన్‌లోనూ రెస్టారెంటులోనూ మాత్రమే చూపించవచ్చు. ప్రయాణికుడికి నికరంగా మిగిలేది ఈ దారిలోనే.

క్యాసినో పంపే ఉచిత చిప్స్ ఆఫర్లు మాత్రం జాక్సన్ పరీక్షకు వారసులే. పరిమితి దాటుతున్నామనిపించినవారు అటువంటి సందేశాలు ఆపమని కోరవచ్చు, తమను తామే ప్రవేశ నిషేధిత జాబితాలో చేర్చుకోవచ్చు. సింగపూర్‌లో కుటుంబ సభ్యులు దరఖాస్తు చేసి తమవాళ్లకు క్యాసినో ప్రవేశం ఆపించే వీలు కూడా చట్టంలో ఉంది.

మనకు దగ్గరి ఊళ్లు

సింగపూర్‌లో 2010లో తెరిచిన మెరీనా బే సాండ్స్, రిసార్ట్స్ వరల్డ్ సెంటోసా తెలుగు పర్యాటకులకు బాగా తెలిసినవే. స్థానికులు క్యాసినోలోకి వెళ్లాలంటే రోజుకు 150 సింగపూర్ డాలర్ల రుసుము కట్టాలి. విదేశీయులు పాస్‌పోర్టు చూపితే చాలు. ప్రవేశం ఉచితమే అయినా కొలను, తోటలు, ప్రదర్శనలు చూసి వచ్చేవారికి ఆ గుమ్మం ఎక్కాల్సిన పనే లేదు. కొలంబోలో జాన్ కీల్స్ కట్టి, మకావ్‌లో క్యాసినోలు నడిపే మెల్కోతో కలిసి నడుపుతున్న సిటీ ఆఫ్ డ్రీమ్స్ శ్రీలంకలో హోటల్ భాగం 2024లో, క్యాసినో 2025 ఆగస్టులో మొదలయ్యాయి.

భారత్‌లో క్యాసినోలు గోవా, సిక్కింలకే పరిమితం. గోవా 1976 నాటి జూద నిరోధక చట్టాన్ని సవరించి ఐదు నక్షత్రాల హోటళ్లలో యంత్రాలను, నీటిపై ఓడల్లో బల్లలను అనుమతించింది. పణజిలో మాండవి నది మీద వెలుగుతూ కనిపించేవి ఆ ఓడలే. సిక్కిం 2002లో ప్రత్యేక చట్టం చేసింది. అమెరికా తరహాలో హోటల్ పాయింట్లు, క్యాసినో కార్డు ముడిపడ్డ భారీ వ్యవస్థ ఇక్కడ పెరగలేదు. పన్ను కూడా బరువైనదే. 28 శాతంగా ఉన్న జీఎస్టీ, 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతమైంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 1974 నాటి గేమింగ్ చట్టం అమల్లో ఉంది. ఆన్‌లైన్ పందేలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో దాని పరిధిలోకి తెచ్చాయి.

పన్ను, సమాచారం

అమెరికా పౌరులు, నివాసులు కానివారు స్లాట్ యంత్రంలో పెద్ద మొత్తం గెలిస్తే 30 శాతం పన్ను అక్కడికక్కడే కోస్తారు. బ్లాక్‌జాక్, బకారా, క్రాప్స్, రూలెట్ గెలుపులకు ఈ కోత లేదు. భారత్‌లో నివసించేవారి విదేశీ గెలుపు ఇక్కడా పన్నుకు లోబడిందే, రేటు 30 శాతం. లాటరీ టికెట్లు, స్వీప్‌స్టేక్స్ కొనడానికి విదేశాలకు డబ్బు పంపడాన్ని విదేశీ మారక చట్టం ‘ఫెమా’ నిబంధనలు నిషేధిస్తాయి. హోటల్ పాయింట్లు వాడి గదిలో దిగేవారికి ఈ చిక్కులేవీ లేవు.

అందరూ పట్టించుకోవాల్సింది సమాచార భద్రత. స్టార్‌వుడ్ రిజర్వేషన్ వ్యవస్థలోకి చొరబాటు జరిగిందని 2018 నవంబరులో మారియట్ వెల్లడించింది. ఆ దాడిలో ఎన్‌క్రిప్షన్ లేని 50 లక్షలకు పైగా పాస్‌పోర్టు నంబర్లు బయటికి పోయాయి. తన లాయల్టీ సభ్యుల సమాచారాన్ని దొంగలు కాపీ చేసుకున్నారని 2023 సెప్టెంబరులో సీజర్స్ వెల్లడించింది. అదే నెలలో ఎంజీఎం మీద జరిగిన దాడి వల్ల ఆ సంస్థకు 10 కోట్ల డాలర్ల నష్టం వాటిల్లింది. లాయల్టీ ఖాతాకు వేరే పాస్‌వర్డు, రెండంచెల ధ్రువీకరణ పెట్టుకోవడం, పాయింట్ల నిల్వను అప్పుడప్పుడూ చూసుకోవడం బ్యాంకు ఖాతాకు తీసుకునే జాగ్రత్తలంత అవసరం.

ఒప్పందం మారితే

హయత్–ఎంజీఎం బంధం పదేళ్లు నడిచి 2023 సెప్టెంబరు 30తో ముగిసింది. బెలాజియో కోసం హయత్ పాయింట్లు దాచుకున్నవాళ్లకు ఆ దారి మూసుకుపోయింది. ఇంటర్‌కాంటినెంటల్‌తో మొదలుపెట్టిన వెనీషియన్, 2025లో హయత్ పాయింట్ల వ్యవస్థలోకి వచ్చింది. పాయింట్ల ధరలూ ఇలాగే మారతాయి. హిల్టన్ 2017లో, మారియట్ 2022లో గదులకు నిర్ణీత పాయింట్ల పట్టికలు వదిలేసి, గిరాకీని బట్టి మారే ధరలకు వెళ్లాయి. హయత్ మాత్రం పట్టికను అట్టేపెట్టుకుంది.

అందుకే తరచూ తిరిగేవాళ్లు పాయింట్లను ఏళ్ల తరబడి నిల్వ చేయరు. ఒక ప్రయాణం అనుకున్నాక దానికి చాలినంత పోగుచేసి వాడేస్తారు. రద్దు చేసుకునే వీలున్న గదిని ముందే పట్టుకుంటారు. బుక్ చేసే ముందు రెండు సంస్థల సభ్యత్వ నంబర్లూ ఒకదానికొకటి జతపడ్డాయో లేదో చూసుకుంటారు. ఖాతాలు జతచేయకుండా దిగితే స్థాయి ఉన్నా పార్కింగ్ గేటు దగ్గర అది పనిచేయదు. బయటి వెబ్‌సైట్లలో చవగ్గా దొరికిన గదికి సాధారణంగా పాయింట్లు, స్థాయి సౌకర్యాలు రావు. ఎంజీఎం రిసార్టుకు బాన్‌వాయ్ పాయింట్లు కావాలనుకునేవారు మారియట్ సైటులోనో, ఖాతాలు జతచేశాక ఎంజీఎం సైటులోనో బుక్ చేసుకోవాలి.